గోడ మీద మూడు గీతలు

పక్కవాడి పనికి మెప్పు వస్తే నీకు ముద్ద దిగదు. అవును, నీతోనే చెబుతున్నాను. దిక్కులు చూడకుండా విను.

జపాను దేశంలో దొరలు కొండల మీద కోటలు కట్టుకుని ఏలుతున్న రోజుల్లో, ఒక కోటకు ఎలుగుబంటి ప్రభువు. కోట నడిమి దిబ్బ జారకుండా చుట్టూ రాతిగోడ కట్టిస్తున్నాడు. గోహెయ్ అనే ఎద్దు రాళ్లు పేర్చేది. సాకిచి అనే నక్క నడుముకు తన హోదా చాటే రెండు కత్తులు కట్టుకుని అజమాయిషీ చేసేది. రాయి పేర్చినవాళ్లు తమ వంశం గుర్తును దాని మీద చెక్కడం అక్కడి ఆచారం. గోడ మీద ఎవరి గుర్తు ఉంటే వాళ్లకు కోట లోపలే, గోడ పక్కన ఇల్లు ఇస్తానని ప్రభువు మాట ఇచ్చాడు. ఎద్దు పిల్లలు కోట బయట చిత్తడి నేలలో తోడేళ్ల భయంతో బతుకుతున్నాయి. అందుకే అది మూడేళ్లు ఒళ్లు దాచుకోకుండా పని చేసింది.

ఒకరోజు ప్రభువు గోడను నిమిరి, ఇలాంటి పనివాడు తన తాత కాలంలో కూడా లేడన్నాడు. పక్కనున్న నక్క వైపు చూడనైనా లేదు. అప్పటినుంచి నక్కకు కడుపులో మంట.

"ఇదేం గోడ గోహెయ్ బావా? సందుల్లో నా తోక దూరుతోంది" అంది.

"వాన నీళ్లు బయటికి పోవాలి కదయ్యా. సందులు మూస్తే గోడ ఉబ్బుతుంది" అంది ఎద్దు.

పని చేతకాక చెప్పే సాకు అనుకుంది నక్క. ఎద్దును రాళ్ల కోసం దూరపు కొండకు పంపి, సందులన్నీ బంకమట్టితో మెత్తించి నున్నగా చేయించింది. ఎద్దు చెక్కిన కొమ్ముల గుర్తులు చెరిపి, తన మూడు గీతల గుర్తు చెక్కుకుంది. ఎద్దు తిరిగొచ్చేసరికి నక్క పిల్లలతో సహా కొత్త ఇంట్లో ఉంది. ఎద్దు మొరపెట్టుకుంటే, ఎవరు పేర్చినా సరే, ఇచ్చిన మాట ప్రకారం గుర్తున్నవాళ్లకే ఇల్లు, గోడ మీద నీ గుర్తు చూపించమన్నాడు ప్రభువు.

"ఇల్లు పోతే పోయింది దొరా. ఆ మట్టి మాత్రం తీయించండి" అంది ఎద్దు.

"చూశారా దొరా, దాని ఏడుపు" అంది నక్క.

వానలు పట్టాయి. తొమ్మిదో రోజు పట్టపగలు గోడ ఉబ్బి, పగిలి, నక్క ఇంటి మీద కూలింది. పిల్లలు బయటికి ఉరికాయి గానీ, నక్క వెనక కాలు రాయి కింద నలిగింది. ప్రభువు వచ్చి, ఈ గోడ ఎవరి పనని అడిగాడు.

"ఎద్దు పనే దొరా. నేను చెయ్యి కూడా పెట్టలేదు."

ప్రభువు దాని కాలి మీది రాయిని దొర్లించి చూశాడు. మూడు గీతలు.

"ఈ గుర్తు అబద్ధమైతే నువ్వు దొంగవి. నిజమైతే నా గోడ కూల్చింది నువ్వే. ఏదో ఒకటి ఒప్పుకో."

నక్క ఆ గీతల మీద తోక కప్పబోయింది. ప్రభువు దాని కత్తులు రెండూ ఊడబెరికించాడు. గోడ మళ్లీ లేచాక, దాని పక్కన కట్టిన ఇంట్లోకి ఎద్దు పిల్లలు వచ్చాయి. నక్క పిల్లలు చిత్తడి నేలకు పోయాయి. చచ్చేదాకా నక్క అక్కడినుంచి మూడు కాళ్ల మీద కుంటుతూ వచ్చి, కోటలో ఎద్దు కట్టే మిగతా గోడలకు, అది చెప్పిన చోటికి రాళ్లు మోసింది. ఒక్కో రాయి మీద కొమ్ముల గుర్తును తన చేత్తోనే చెక్కింది.