మంచులో దాలమ్మ పాట

ఒకప్పుడు కొండ మీది పిట్టలకూ కొండ కింది పిట్టలకూ మధ్య హద్దు ఉండేది కాదు. బలమున్నవాడిదే చెట్టు.

కొండ కింద గవరయ్య అనే పిగిలిపిట్ట ఉండేవాడు. ఒళ్లు ఉబ్బించి, తోక కింది ఎర్ర ఈకలు విప్పి చూపిస్తే చాలు, ఎదుటి పిట్ట చెట్టు ఖాళీ చేసేది. అతను నిజంగా పోట్లాడగా చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఈకలు నలుగుతాయని పెళ్లాం ఒప్పుకునేది కాదట.

కొండ మీద మేడిచెట్టులో దాలమ్మ అనే మరో పిగిలిపిట్ట ఉండేది. నెత్తిన తురాయి, పిడికెడంత ఒళ్లు. గవరయ్యకు వరసకు మరదలు. గూట్లో గుడ్లు నేడో రేపో పిల్లలయ్యేలా ఉన్నాయి.

ఆ ఏడు కింద పళ్లు కాయలేదు. గవరయ్య పైకొచ్చి ఒళ్లు ఉబ్బించి, తెల్లారేసరికి చెట్టు వదిలిపొమ్మన్నాడు. దాలమ్మ గూటి వైపు చూసింది. తను ఎగిరిపోగలదు, గుడ్లు ఎగరలేవు కదా!

సాయం అడగడానికి పోయింది. చిలకకు ఆ రోజే చుట్టాలింట్లో పెళ్లి వచ్చిపడింది. వడ్రంగిపిట్ట ఈ ఒక్క తొర్ర తొలిచి వస్తానన్నాడు. ఇంకా తొలుస్తూనే ఉన్నాడు.

తెల్లారింది. కొండంతా మంచు కమ్మింది. రెక్కల చప్పుడైంది. దాలమ్మ గుడ్ల మీద ఒదిగి, భయపడడానికి సిద్ధంగా కూర్చుంది. ఎంతకీ ఏమీ కనబడలేదు.

"బావా, వచ్చావా?"

"వచ్చాను. ఒళ్లు ఉబ్బించాను, చూడు."

"ఎక్కడ?"

"ఇక్కడే. ఈకలు కూడా విప్పాను."

"ఏమీ కనబడడం లేదు బావా."

గవరయ్య ఇంకాస్త ఉబ్బాడు. మంచుకు అదేం పట్టలేదు.

అప్పుడు దాలమ్మకు తట్టింది. అతను తనకు కనబడకపోతే, తను ఎంత చిన్నదో అతనికీ కనబడదు. ఎగిరి చిటారుకొమ్మన కూర్చుని గొంతెత్తి పాడింది. అవతలి కొమ్మకు ఎగిరి పాడింది. కింది కొమ్మన పాడింది. ఎదురుగా ఉన్న బండ ప్రతి పాటనూ మళ్లీ పాడింది.

ఎటు చూసినా పాటే. గవరయ్యకు వందమంది మరదళ్లు చుట్టుముట్టినట్టయింది. ఉబ్బిన ఒళ్లు చప్పున చల్లారింది. కొమ్మలకు కొట్టుకుంటూ, మంచు దాటి కిందికి చేరేదాకా ఆగకుండా దిగిపోయాడు.

ఎండొచ్చేసరికి గూట్లో మూడు ఎర్రటి నోళ్లు తెరుచుకున్నాయి. దాలమ్మ తురాయి నిక్కించి కొండంతా వినబడేలా మరోసారి పాడింది. చిలక వచ్చి, తానిప్పుడే బయలుదేరబోతున్నానంది.

అప్పటినుంచే కొండ మీది పిగిలిపిట్ట మంచు విడవకముందే చిటారుకొమ్మన నిలబడి, ఇది నా చోటని పాడుతుంది. కింది పిగిలిపిట్ట ఈకలు ఉబ్బించుకుంటూ కిందే ఉంటుంది. పైకి ఎందుకు రావని అడిగితే, అక్కడ చలి ఎక్కువంటుంది.