పదో అంతస్తు సింహాలు

ముత్యాలాచారి గారికి ఒక అలవాటు ఉండేది. సున్నప్పనిలో ఏ భాగం పూర్తయినా సరే, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చునేవారు. ఇద్దరూ తలెత్తి చూసేవారు. "ఏం కనిపిస్తోందిరా?" అని ఆయన అడిగేవారు. ఇక్కడ పగులు సరిగ్గా కలవలేదనో, అక్కడ అంచు పక్కకి లాగిందనో శిష్యుడు అసిరయ్య ఒప్పజెప్పేవాడు. ఆయన "మళ్ళీ చెయ్యి" అనేవారు, లేదా తలూపేవారు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. నలభై దాటిన మనిషికి బడిపిల్లాడిలా పాఠం అప్పజెప్పడం ఎంత విసుగో వేరే చెప్పాలా?

ఆ ఏడాది వానలు వెనకబడ్డాయి. పొద్దస్తమానం మెట్లెక్కీ దిగీ కాళ్ళు పీకుతున్న ఒక మధ్యాహ్నం అసిరయ్య అడిగేశాడు.

"గురువు గారూ, కోప్పడకండి. నా పని మీరు తనిఖీ సెయ్యడం ఎప్పుడు మానేస్తారు? నన్ను మేస్త్రీ అని ఎప్పుడంటారు?"

ఆచారి గారు చేతి గుడ్డతో మొహం తుడుచుకున్నారు. "పైన సింహాలు కానీరా, చూద్దాం," అన్నారు.

ఆ సింహాల గురించి చెప్పాలంటే ముందు మేడ గురించి చెప్పాలి. ఆ రేవు పట్నంలో అన్నీ పెంకుటిళ్ళే అయిన రోజుల్లో జనపనార వ్యాపారి ఒకాయన పదంతస్తుల మేడ లేవదీశాడు. ఆకాశానికి నిచ్చెనలు వేస్తున్నాడని ఊరు నవ్వింది. తీరా లేచాక ఆ ఊరే తలపాగాలు జారిపోయేలా తలెత్తి చూసింది. లిఫ్టులో ఒక్కసారి ఎక్కి దిగడానికి పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారట. వేటకెళ్ళిన పడవలు ఆ మేడని చూసే ఒడ్డు గుర్తుపట్టేవట. తర్వాత దాని రోజులూ తిరగబడ్డాయి. ఆఫీసులు ఖాళీ అయ్యాయి, పావురాలు కాపురం పెట్టాయి, పగుళ్ళలో రావి మొక్కలు మొలిచాయి. ఎవరో తెలివైనవాళ్ళు సున్నం గోడల మీద సిమెంటు పూత పూసి పుణ్యం కట్టుకున్నారు. ఊపిరాడక ఆ గోడలు లోపల్లోపలే చెమ్మెక్కి ఉబ్బాయి. ఇన్నాళ్ళకి వారసులకి బుద్ధి పుట్టి, మేడని మళ్ళీ పాత రూపుకి తెమ్మని ఆచారి గారిని పిలిచారు. ఆయనకి ఆ మేడంటే భక్తే. "ఎలా నిలబడుతుందో చెప్పేవాడు లేని రోజుల్లో నిలబెట్టారురా," అనేవారు, ఎదుట కట్టినవాళ్ళే ఉన్నట్టు గొంతు తగ్గించి.

పదో అంతస్తు పిట్టగోడ కింద, వీధి వైపున, వరసగా పన్నెండు సింహాల మొహాలు. వాటిలో మూడు ఎప్పుడో గాలివానకి రాలిపోయాయి. మిగిలిన తొమ్మిదింటి మీద అచ్చు తీసుకుని ఆ మూడూ పోయడం ఈ పనిలో పద్ధతి. అసిరయ్య పరంజా ఎక్కి పాత మొహాల్ని మూరెడు దూరం నుంచి చూసి తెల్లబోయాడు. నుదురు ముందుకి తోసుకొచ్చింది, ముక్కు బారెడు సాగింది, అచ్చం గాడిద మొహాలు! పాతవాళ్ళకి చెయ్యి తిరగలేదని తేల్చేశాడు. అచ్చు తీయలేదు. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి, పూత మీద పూత వేసి, నలభై రోజులు కూర్చుని సింహం ఎలా ఉండాలో అలాగే మలిచాడు. సున్నం ఘాటుకి వేళ్ళ చర్మం లేచిపోయింది. పరంజా మీది కూలీలు వీటి ముందు పాతవి దిగదుడుపే అన్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆచారి గారు పైకి రాలేదు. "కింద నుంచి చూద్దాంలే," అన్నారు.

మేడకి కట్టిన ఆకుపచ్చ వల విప్పిన రోజు ఇద్దరూ టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు. గృహప్రవేశం లాంటి వేడుకకి ఇంకా పది రోజులుంది. ఆ వేడుకలో ఆచారి గారికి శాలువా కప్పుతారని కూడా ఖాయమైంది. అసిరయ్య తలెత్తాడు. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది.

పైన గాడిదల్లా కనిపించిన తొమ్మిది మొహాలూ ఇక్కడికి రాజుల్లా ఉన్నాయి. వీధిలో నడిచే ప్రతివాడి కళ్ళలోకీ సూటిగా చూస్తున్నాయి. వాటి మధ్య తను చేసిన మూడూ నుదురు మింగేసి, గడ్డం మీదే కళ్ళు పెట్టుకుని, కప్పల్లా నక్కి ఉన్నాయి. కింద నిలబడే మనిషి కంటి కోసమే పాతవాళ్ళు ఆ మొహాల్ని సాగదీసి ముందుకి వంచారు. తిరగనిది వాళ్ళ చెయ్యి కాదు, తన బుర్ర.

"ఏం కనిపిస్తోందిరా?"

"వల తీసేశారండి. మేడంతా కనిపిస్తోంది."

"సింహాలో?"

"పన్నెండూ ఉన్నాయండి."

టీ కొట్టు నూకాలమ్మ గ్లాసులు అందిస్తూ, "ఏటి బాబూ, మా మామ్మ సెప్పిన మేడ ఇదేనేటి! ఎంత బాగుందో," అంది.

ఆచారి గారు పైకి చూస్తూనే టీ తాగారు. గ్లాసు కింద పెట్టి తలూపారు. "సరే. రేపట్నుంచి పరంజా విప్పించెయ్."

అసిరయ్యకి గుండె మీంచి బండ దిగినట్టయింది. గురువు గారే చూశారు, గురువు గారే సరేనన్నారు. ఇంకేం కావాలి? అయినా ఈ రోజుల్లో తలెత్తి చూసేవాడెవడు, అందరి మొహాలూ అరచేతిలోని ఫోన్లలోనేగా! ఇప్పుడు నోరు విప్పితే వేడుక వాయిదా పడుతుంది, ఆయన శాలువా ఆగుతుంది, మళ్ళీ నలభై రోజులు ఆ ఎండలో చావాలి. పైగా పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్న 'మేస్త్రీ' అన్న ఆ ఒక్క మాటా ఆయన నోటిదాకా వచ్చి వెనక్కి పోతుంది. అతను నిజంగా అలిసిపోయాడు. పోనీలే అనుకున్నాడు. ఆచారి గారు బల్ల పట్టుకుని లేచారు. అసిరయ్య కూడా లేచి, రోడ్డు దాటబోతూ, వద్దు వద్దనుకుంటూనే ఇంకోసారి తలెత్తాడు. చూడకుండా ఉంటే బాగుండేది.

"ఆగండి," అన్నాడు. "పరంజా విప్పొద్దండి. ఆ మూడూ పడగొట్టాలి. నేను అచ్చు తీయలేదు, సొంత తెలివి సూపించాను. కింద నుంచి కప్పల్లాగున్నాయి." ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మీరూ సూశారు గదా, సరేనని ఎలాగన్నారు?"

ఆచారి గారు అతని భుజం కోసం చెయ్యి చాచి, కాస్త తడిమి పట్టుకున్నారు.

"మూడో అంతస్తు దాటి నాకేమీ కనిపించక రెండేళ్ళయిందిరా," అన్నారు. "ఇన్నాళ్ళూ నువ్వు చెప్పిందే చూశాను."