నూట పన్నెండు కిలోల ఆసరా

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలు. ఆకాశం మబ్బుగా ఉంది. ఎండ లేదు, వానా లేదు.

మా ఇంట్లో నలుగురు మగవాళ్ళు. మా బావగారు గంగునాయుడు, మా ఆయన సన్యాసిరావు, మరిది పైడిరాజు, మా అబ్బాయి హేమసుందరం. వాళ్ళది షామియానాల వ్యాపారం. బొబ్బిలిలో ఎవరింట పెళ్ళయినా పందిరి మాదే. "గాలివానకి కూడా పడని పందిరి వేస్తాం. మాకంటే తెలివైనవాళ్ళు ఈ చుట్టుపక్కల ఉన్నారా?" అని ఒకరినొకరు అడుగుతారు. లేరని ఒకరికొకరు చెప్పుకుంటారు. నన్నెప్పుడూ అడగలేదు.

ఆ రోజు మోటారు సైకిలు వెనక టైరు పంక్చరు. సెంటర్ స్టాండు ఎప్పుడో విరిగింది. మెకానిక్ ఖాదర్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టారు, తెలివి నలుగురికీ సమానంగా అందాలని.

"షాపు వదిలి రాలేనన్నా," అన్నాడు ఖాదర్. "చక్రం ఊడదీసి పట్టుకొచ్చెయ్యండి. ఇంజను చల్లారాకే చెయ్యి పెట్టండి. బండి నూట పన్నెండు కిలోలుంటది, ఆ బరువుకి సరిపడా ఆసరా పెట్టండి. ఊరికే ఊడదీశారంటే ఎవడి కాళ్ళో పోతాయి."

ఆ చివరి మాట నాకొక్కదానికే వినబడినట్టుంది.

బండి కదిలి రెండు రోజులైంది. అయినా ఇంజను చల్లారిందని నమ్మకమేమిటి? పైడిరాజు జ్వరం చూసే థర్మామీటరు తెచ్చి ఇంజను సందులో పెట్టాడు. అందరూ రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టారు.

"జ్వరం లేదు," అన్నాడు.

"పైకి లేదురా. లోపల ఉండొచ్చు," అన్నారు బావగారు.

అంతే. ఇంజనుకి తడిగుడ్డ చుట్టారు. విసనకర్ర అడిగారు. ఇచ్చాను. పదకొండు దాకా విసిరారు.

నేను చూసి చూసి, "పెరట్లో చింతమొద్దు ఉంది. ఇంజను కింద పెట్టండి, చాలు," అన్నాను.

మా ఆయన నవ్వారు. "మొద్దు బరువెంత?"

"ఇరవై కిలోలుంటుందేమో."

"ఇరవై కిలోలది నూట పన్నెండు కిలోలని ఎలా మోస్తుందే? కాస్త బుర్ర పెట్టి ఆలోచించొద్దూ?"

"నేను నలభై ఎనిమిది కిలోలు. మీ నలుగురినీ మోస్తున్నాను."

"అది వేరొదినా," అన్నాడు పైడిరాజు. ఎలా వేరో చెప్పలేదు.

నూట పన్నెండు కిలోల ఆసరా కావాలి. బియ్యం బస్తా తూచారు. చాల్లేదు. ముగ్గురూ మెల్లగా బావగారి వైపు తిరిగారు. షామియానా గుడ్డలు తూచే కాటా తెచ్చి ఎక్కించారు. నూట ఆరు.

"ఆరు తక్కువొచ్చావన్నయ్యా," అన్నారు మా ఆయన.

బావగారు తల దించుకున్నారు. "రాత్రి సరిగ్గా తిన్లేదురా."

ఇంకేముంది. నా వంటింటి మీద పడ్డారు. ఉప్మా గిన్నె ఖాళీ. అరటిపళ్ళ హస్తమంతా ఖాళీ. ఆపైన మంచినీళ్ళు, చెంబు తరవాత చెంబు. చెంబుకోసారి కాటా ఎక్కడం, దిగడం. నూట పన్నెండు మీద ముల్లు ఆగింది. చప్పట్లు కొట్టారు. బావగారికి త్రేన్పు వస్తే పైడిరాజు ఆయన నోరు మూశాడు, బరువు తగ్గిపోతుందని.

వాకిట్లో ఇనప పైపులతో పందిరి వేశారు. అది మాత్రం గట్టిగానే వేశారు, వచ్చిన పని కదా. పైన కప్పీ. తాడు ఒక చివర బండి, రెండో చివర పీట, పీట మీద బావగారు. బండి మోకాలెత్తున, ఆయన నడుమెత్తున ఆగారు.

మావాడు స్పానరు తీసుకుని బండి కింద కాళ్ళు చాపి కూర్చున్నాడు.

"కాళ్ళు తియ్యరా," అన్నాను.

"పెదనాన్న కూర్చున్నాడు కదమ్మా."

"అందుకే తియ్యమంటున్నా."

తియ్యలేదు. నట్టు విప్పాడు. ఇరుసు లాగాడు. చక్రం చేతికొచ్చింది, పక్కకి దొర్లించాడు. అంతే! బావగారు దబ్బున నేలకి దిగారు. బండి సర్రుమని పైకి పోయి మావాడి తల మీద ఊగుతోంది.

"ఇదేటిరా?" అన్నారు బావగారు కింద నుంచి.

చక్రం తూచారు. తొమ్మిది కిలోలు.

"బండి తొమ్మిది తగ్గింది. నువ్వూ తొమ్మిది తగ్గాలన్నయ్యా," అన్నారు మా ఆయన.

"ముందు వాణ్ణి లేవనివ్వండి," అన్నాను.

"ఇప్పుడెవరూ కదలకూడదొదినా. గాలికే ఊగుతోంది, చూశావా?" అన్నాడు పైడిరాజు. మావాడు కూడా బుద్ధిగా తలూపాడు. వాడికి ఇరవై ఏళ్ళు.

నేను పెరట్లోకి పరిగెత్తాను. వెనక మాటలు వినబడుతున్నాయి. బావగారి చొక్కా తీశారు. వాచీ తీశారు. ఉంగరం వేలికి బిగుసుకుపోతే సబ్బు రాసి తీశారు. అన్నీ కలిపి తూచినా కిలో లేదు. నేను మొద్దు దొర్లిస్తున్నాను. బావగారు అన్ని చెంబుల నీళ్ళు తాగి గంట దాటింది. గొంతు మారింది.

"ఒరే, ఒక్కసారి అలా వెళ్ళొస్తే నాలుగు కిలోలు తగ్గుతాన్రా."

"అబ్బ! బుర్రంటే నీదన్నయ్యా!" అన్నారు మా ఆయన. "వెళ్ళు, వెళ్ళు! తొందరగా తగ్గిరా!"

బావగారు పీట మీంచి లేచారు.

తాడు పైకి పాకింది. తమ్ముళ్ళిద్దరూ గబుక్కున పట్టుకున్నారు. చేతుల్లోంచి జారుతోంది. జారుతోందని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మొద్దుని నిలబెట్టి మావాడి రెండు కాళ్ళ మధ్యకి తోశాను. బండి దిగింది. మొద్దు మీద దిగింది. ఒకసారి ఊగి, పందిరి పైపుకి ఆనుకుని నిలబడింది.

మావాడి కాలి బొటనవేలికీ సైలెన్సరుకీ మధ్య నా రెండు వేళ్ళు పట్టాయి. పెట్టి చూశాను.

తమ్ముళ్ళిద్దరూ తాడు వదిలేశారు.

"చూశావా," అన్నారు మా ఆయన, చేతులు దులుపుకుంటూ. "అన్నయ్య లేకపోయినా నిలబడింది. అంత పక్కాగా తూచాం మరి!"

నేను మావాణ్ణి రెక్క పట్టుకుని లేపాను.

మూడింటికి చక్రం పట్టుకుని షాపుకి బయలుదేరారు. అది రైలు గేటవతల ఉంది. మావాణ్ణి ఉండమన్నాను. "ఊడదీసిందే నేనమ్మా, నేను లేకపోతే దాని సంగతి వీళ్ళకేం తెలుస్తుంది?" అని వాడూ వెళ్ళాడు.

నాలుగున్నరకి మా ఇంటి గేటు చప్పుడైంది. బావగారొక్కరే చక్రం దొర్లించుకుంటూ వచ్చారు.

ఎదురెళ్ళాను. "మిగతావాళ్ళేరీ?"

"షాపులో ఉన్నారమ్మా. టైరు బాగా పాతదట. 'ఇవాళ్టికి దీని మీద ఒక్కరే వెళ్ళండి, ఎక్కువమంది వద్దు' అని ఖాదర్ మరీ మరీ చెప్పాడు. పెద్దవాణ్ణి కదా, నన్ను ముందు పంపారు."

మంచినీళ్ళిస్తే తాగలేదు. చక్రం మళ్ళీ వీధిలోకి తిప్పారు.

"ఇప్పుడెక్కడికి బావగారూ?"

"భలేదానివమ్మా. చక్రం నేనే అట్టేపెట్టుకుంటే వాళ్ళు ముగ్గురూ దేనితో వస్తారు?"

వెళ్ళిపోయారు. వచ్చినవాళ్ళు, ఒకరు. ఉన్నవాళ్ళు, ఎవరూ లేరు.

ఐదుంబావుకి మా ఆయన వచ్చారు. గడప లోపల ఒక కాలు పెట్టి, "ఇదిగో, వచ్చేశాను," అని చక్రంతో వెనక్కి పోయారు. ఆరు కాకముందే పైడిరాజు. వాడు గడప దాకా కూడా రాలేదు. గేటు ముట్టుకుని, "లెక్కలో వేసుకో ఒదినా," అని తిరిగి పరుగు.

చినుకులు మొదలయ్యాయి. అప్పుడొచ్చాడు మావాడు. నేను గేటు వెనకే నిలబడ్డాను. లోపలికి అడుగు పెట్టగానే చక్రం లాక్కుని గొళ్ళెం వేశాను. తాళం కూడా వేశాను.

"అమ్మా! వాళ్ళు చక్రం కోసం చూస్తుంటారే!"

"చూడనీ."

ఫోను మోగింది. మా ఆయన. "ఏమేవ్, చక్రం ఇంకా రాలేదు. మేం ముగ్గురం వానలో నిలబడ్డాం. దానికేమైనా అయిందా? పోనీ ఓ పని చెయ్యి. బండికి ముందు చక్రం ఉంది కదా? వాడిచేత అది ఊడదీయించి పంపు!"

ఫోను పెట్టేసి తిరిగేసరికి మావాడు వాకిట్లో ఉన్నాడు. స్పానరుతో, ముందు చక్రం దగ్గర, కాళ్ళు చాపుకుని.

స్పానరు లాక్కున్నాను. చెవి పట్టుకుని లోపలికి తెచ్చి, పీట వేసి కూర్చోబెట్టాను. దీపం దగ్గరగా పెట్టి చూశాను.

క్షేమంగా ఇంటికి చేరినవాళ్ళు, ఒకడు. కాళ్ళు, రెండు. వేళ్ళు, పది. మళ్ళీ లెక్కపెట్టాను. పదే.