సొట్ట చెంబు

"పిల్లలు తప్పు వేస్తుంటే ఎప్పుడు దిద్దాలి మాస్టారూ?" అని అడిగింది ఇందుమతి. డ్రాయింగు టీచరు శిక్షణలో ఉన్న ఆమె ఆ ఉన్నత పాఠశాలలో తరగతి చూడడానికి వచ్చిన మొదటి రోజది. అప్పలనరసయ్య మాస్టారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. రిటైరు కావడానికి ఇంకా ఏడు నెలలున్నాయి. ఆయనకు మోకాళ్ల నొప్పుల మీదున్న ధ్యాస ప్రశ్నల మీద ఉండదని తోటి మాస్టర్లు అనేవారు. "ఇవాళ్టికి చూస్తూ ఉండమ్మా" అని ఊరుకున్నారు.

చివరి పీరియడు. అంతకు ముందే లెక్కల పరీక్ష రాసి, తొమ్మిదో తరగతి పిల్లలు వాడిన తోటకూర కాడల్లా ఉన్నారు. మాస్టారు గది మధ్య స్టూలు వేసి, దాని మీద ఇత్తడి చెంబు పెట్టి, "ఎవరి చోటు నుంచి ఎలా కనబడితే అలా వెయ్యండి" అన్నారు. అని కుర్చీలో కూలబడి, బ్లేడుతో పిల్లల పెన్సిళ్లు చెక్కడం మొదలుపెట్టారు. ఆ పూటకు ఆయన పాఠం అంతే.

ఇందుమతికి ప్రాణం ఉసూరుమంది. రెండు బస్సులు మారి వచ్చింది ఇది చూడడానికా? ఊరికే కూర్చోలేక బల్లల మధ్య తిరగసాగింది. కిటికీ వైపు చివరి బల్ల మీద పైడితల్లి అనే అమ్మాయి వేస్తున్న చెంబుకు మూతీ మెడా బాగానే కుదిరాయి గాని, ఎడమ పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. చూడడానికే రమ్మన్నా, చదువుకున్న చెయ్యి ఊరుకోదు గదా. తన రబ్బరు తీసి ఆ పక్క చెరిపేసి, రెండు పక్కలూ సమానంగా గుండ్రంగా గీసి, "చెంబంటే ఇలా ఉండాలమ్మా" అంది. పైడితల్లి చెంబు వైపోసారి, కాగితం వైపోసారి చూసి తలూపింది.

కాసేపటికి మాస్టారు మెల్లగా లేచి వచ్చి ఆ కాగితం చూశారు. పిల్లను పక్కకు జరగమని, ఆ చోట్లో ఇందుమతిని కూర్చోమన్నారు. కూర్చుంది. ఎదురుగా చెంబు ఎడమ పక్కన నిమ్మకాయ పట్టేంత సొట్ట. ఇందాక ఈ బల్ల దగ్గరే నిలబడి కాగితం చూసింది గాని, ఆమె చెంబును చూడలేదు.

సిగ్గుతో ఆమె మొహం వేడెక్కింది. "నువ్వు వేసిందే సరైందమ్మా. మళ్లీ అలాగే వెయ్యి" అని రబ్బరు అందించబోయింది.

పైడితల్లి తీసుకోలేదు. "వద్దు మేడం. నాకే సరిగ్గా అవుపడ్నేదు" అంది.

"ఉందమ్మా, అదిగో సొట్ట. చూడు."

"ఉంటే మీకు అవుపడదేటి మేడం?"

పిల్ల చెంబు వైపు తలైనా తిప్పలేదు. ఇందుమతికి ఏడుపొచ్చినంత పనయింది. ఇంతలో బెల్లు కొట్టారు. పిల్లలు సంచులు సర్దుకుని వెళ్లిపోయారు.

మాస్టారు చెంబును పాత తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టారు. మోకాళ్లు రాసుకుంటూ కూర్చున్న ఆయన్ని, "ఇప్పుడెలా మాస్టారూ?" అని అడిగింది ఇందుమతి.

"రేపూ ఆ చెంబే పెడతాను. ఎల్లుండీ అదే పెడతాను" అన్నారాయన. "నువ్వు మాత్రం వచ్చేటప్పుడు రబ్బరు ఇంట్లో వదిలేసి రామ్మా."