ఒకే అచ్చులోని రెండు గాజు చిలకలు

అనగనగా ఒక రేవు ఊళ్ళో, ఉప్పుగాలికి గోడల సున్నం రాలిపోయే ఓ వీధిలో, నాంచారి అని ఒక కోడలుపిల్ల ఉండేది. మెతక మనిషి. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి. ఊ కొడుతూ ఉండమ్మా, మధ్యలో నిద్రపోతే చిలక ఎటు పోయిందో నీకు తెలీదు.

నాంచారికి గాజు బొమ్మలంటే ప్రాణం. ఇప్పటివి కాదు, పాతకాలంలో ఓడల మీద దిగినవి. కరిగిన గాజుని ఇనప అచ్చులో పోసి, పైనుంచి ఒత్తి తీసేవారట వాటిని. పాత సామాన్లు కొనే తాత వీధిలో గంప దించితే చాలు, చిల్లు గిన్నెల కింద చెయ్యి పెట్టి వెతికేది. అలా ఒక ఏడాది కోడిపెట్ట దొరికింది. ఆ తర్వాత పడుకున్న సింహం దొరికింది. ఆ తర్వాత ఆకుపచ్చ చిలక దొరికింది.

దసరా వచ్చింది. నాంచారి బొమ్మల కొలువు పెట్టింది. పై మెట్టు మీద చిలక ఒక్కటే ఉంటే వెలితిగా ఉంది. ఎదురింటి పేరిందేవి పిన్నిగారి గూట్లో అచ్చం అలాంటి చిలకే ఉంది. అడగాలా వద్దా అని రెండు రోజులు గుమ్మంలోకీ వీధిలోకీ తిరిగింది. ఆఖరికి అడిగింది.

పేరిందేవి నోరు మంచిది కాదు. ఎవరో అరువు పట్టుకెళ్ళిన అట్లకాడ వంకరపోయి తిరిగొస్తే, మళ్ళీ దసరా దాకా వీధంతా ఆ వంకర గురించే విన్నది. అలాంటావిడ చిలకని ఇచ్చింది. ఇస్తూ దాని నెత్తిన ఇంత కుంకుమ పెట్టింది.

"మా అమ్మ నన్ను కాపరానికి పంపుతూ చేతిలో పెట్టింది ఇది. ఆవిడ చేతిలోంచి నాకొచ్చిన వస్తువు ఇదొక్కటే. కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుస్తావో ఏమో, జాగ్రత్త."

కొలువు బాగా జరిగింది. పేరంటాళ్ళు వచ్చి జంట చిలకల్ని చూసి ముచ్చటపడ్డారు. నాంచారికి మాత్రం శనగలు పంచుతున్నా, హారతి ఇస్తున్నా, చూపంతా పై మెట్టు మీదే. ఏ పిల్ల చెయ్యి తగులుతుందో, ఏ పిల్లి దూకుతుందో అని ఒకటే బెంగ.

కొలువు ఎత్తేసిన మర్నాడు గురువారం. శుక్రవారం పూజకి చిలక తన గూట్లో ఉండాలని పేరిందేవి కబురు పెట్టింది. ఒకరి వస్తువు తిరిగి ఇచ్చేటప్పుడు కడిగి ఇవ్వాలి కదా. నాంచారి కుంకుడు నురగ చేసి, రెండు చిలకల్నీ ఒకే బేసిన్లో వేసి, మెత్తగా రుద్ది కడిగింది. గుడ్డ మీద బోర్లించింది. అప్పుడు చూసుకుంది.

రెండు చిలకలు. రెండూ ఆకుపచ్చవే. దేని నెత్తినా కుంకుమ లేదు.

నాంచారి రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఏది తనది, ఏది పిన్నిగారిది? తల్లి ఇచ్చిన వస్తువమ్మా. మారిపోతే మళ్ళీ ఎక్కడినుంచి తేగలదు?

అత్తగారికి చెప్పింది. ఆవిడ బియ్యం ఏరుకుంటూనే, వెలుగుకి పట్టి చూడవే, రంగులో తేడా ఉంటే తెలిసిపోతుంది అంది. అప్పుడు నాంచారి పెరట్లోకి వెళ్ళి ఒక్కో చిలకనీ ఎండకి ఎత్తిపట్టింది. చేతులు చెమట పట్టి గాజు జారుతోంది. కొంగుతో పట్టుకుంది. ఇందులోనూ అదే పచ్చదనం. అందులోనూ అదే పచ్చదనం. రెండింటి కడుపులోనూ ఆవగింజలంత గాలి బుడగలు.

ఆ తర్వాత గాజులమ్మే మస్తానమ్మ వచ్చింది. ఆవిడ గాజుతోనే బతికే మనిషి. అచ్చు రెండు చెక్కలూ కలిసేచోట బొమ్మ ఒంటి మీద సన్నగీత పడుతుంది, గోటితో తడుముకో, అచ్చు వేరైతే గీత వేరుగా ఉంటుంది అని చెప్పింది. నాంచారి ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక చివర దాకా తడిమింది. రెండింటికీ గీత ఒకచోటే మొదలైంది, ఒకచోటే ఆగింది. మస్తానమ్మ కూడా తడిమి, ఇవి ఒక కడుపున పుట్టిన పిల్లలు తల్లీ, నా వల్ల కాదు అని గాజుల మలారం భుజానికెత్తుకుంది.

మధ్యాహ్నం వాలిపోయింది. అన్నం సయించలేదు. అత్తగారు విసుక్కుని, అచ్చుగుద్దినట్టున్నాయి, ఏది ఇచ్చినా ఆవిడకేం తెలుస్తుందే, ఇచ్చి రా అంది. ఆ మాట నాంచారికి నచ్చింది కూడా. నచ్చినందుకు మరింత భయమేసింది.

అప్పుడు, మళ్ళీ గుడ్డ మీద బోర్లించిన చిలకల మీద సాయంకాలపు ఎండ ఏటవాలుగా పడింది. అడుగులు మెరిశాయి. నాంచారి వంగి చూసింది. ఒకదాని అడుగున సన్నసన్న గీతలు, కోడి గీకినట్టు, ఎటు పడితే అటు. ఎన్ని ఇళ్ళు తిరిగి, ఎన్ని అరుగుల మీద కూర్చుని గంపలోకి వచ్చిందో అది. రెండోదాని అడుగున గీతలన్నీ ఒకే వైపుకి, దువ్విన జుట్టులాగా ఉన్నాయి.

పేరిందేవి గూడు తుడవడం తను ఎన్నిసార్లు చూడలేదు? కూర్చున్న బొమ్మని ఎత్తకూడదు, బోర్లించకూడదు అంటుందావిడ. అందుకని ఒంటివేలితో ముందుకు జరుపుతుంది, వెనక తుడుస్తుంది, మళ్ళీ లోపలికి జరుపుతుంది. చిలకని ఇచ్చేటప్పుడు కూడా అరచెయ్యి గూటి అంచుకి ఆనించి, కూర్చున్నది కూర్చున్నట్టే జరిపింది. దువ్విన గీతల చిలకే పిన్నిగారిది.

అయినా నమ్మకం చాల్లేదు. తను పొరపడితే? అందుకని రెండు చిలకల్నీ పళ్ళెంలో పెట్టుకుని, పక్కన నాలుగు అరిటిపళ్ళు పెట్టి, వీధి దాటింది.

పేరిందేవి పళ్ళెం చూసింది. ఇదేమిటే, ఒకటి తీసుకెళ్ళి రెండు తెచ్చావు, పిల్లని పెట్టిందా అంది. నాంచారి నోరు తెరిచేలోపే చెయ్యి చాచి ఒక చిలకని గుండెకి హత్తుకుంది.

"ఇదే నాది. వెయ్యి చిలకల్లో కలిపినా నా కళ్ళు గుర్తుపడతాయి. మా అమ్మ ఇందులోంచి చూస్తున్నట్టే ఉంటుంది."

అది కోడి గీతల చిలక. నాంచారిది.

నాంచారికి మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఊరుకుంటే గండం గడిచినట్టే. చెబితే రేపటి నుంచి తన పేరు ఆ అట్లకాడ పక్కన చేరుతుంది. మూడోసారి మాట బయటికే వచ్చేసింది.

"అది కాదు పిన్నిగారూ. ఇది. కడిగేటప్పుడు కలిపేశాను. తప్పు నాదే."

పేరిందేవి మొహం నల్లబడింది. నా బొమ్మ నాకు తెలీదా అంది. నాంచారి గూడు తుడిచే సంగతి, అడుగున గీతల సంగతి చెప్పింది. పేరిందేవి, నేను గుర్తుపట్టలేదు కదా, మాట్లాడకుండా పోతే నీ సొమ్మేం పోయేది అని అడిగింది.

"మీ అమ్మగారు మా ఇంట్లో కూర్చుని నన్ను చూస్తూ ఉండేవారు పిన్నిగారూ. నేను తట్టుకోలేను."

అప్పుడు పేరిందేవి తను పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఆ చిలకని బోర్లించింది. సందెదీపం దగ్గరికి తీసుకెళ్ళింది. నిలువు గీతల్ని వేలితో తడిమింది. ఇవన్నీ నేను గీసినవేనా అనుకుంది. ఆ తర్వాత దీపాన్ని ఇంకాస్త దగ్గరికి లాగింది. నిలువు గీతల కింద, అరిగిపోయి, కనబడీ కనబడకుండా ఇంకొన్ని గీతలున్నాయి. అవి అడ్డంగా ఉన్నాయి. నాంచారి వాటిని చూడనే లేదు.

పేరిందేవి ఆ అడ్డగీతల మీద వేలు ఆనించింది.

"మా పుట్టింట్లో గూడు పొయ్యి పక్కన ఇరుగ్గా ఉండేది," అంది. "ముందుకు లాగితే బొమ్మ పొయ్యిలో పడుతుంది. మా అమ్మ పక్కకి జరిపి తుడిచేది."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత నాంచారిని చూసి, గుడ్లప్పగించి నిలబడ్డావేం, ఆ పీట వాల్చుకో, కాఫీ పెడతాను అంది. వీధిలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అంత నోరున్న మనిషి ఒక్క ముక్క చెప్పలేదు, విన్నావా?

చిలక చేరె గూటికి,
కథ వెళ్ళె కంచికి,
నిదర వచ్చె కంటికి,
మనం వచ్చాం ఇంటికి.