ఉస్తాద్ ఎత్తిన చెయ్యి

ఓబులేసుది చురుకైన చెయ్యి. రోషం అంతకన్నా చురుకు. నల్లగుట్ట కోట తిరునాళ్లలో పాతకాలపు సిపాయిల వేషం కట్టి చెకుముకి తుపాకులు పేల్చే జట్టులో, అందరికన్నా ముందు మందు దట్టించేది అతనే. అయినా ఉస్తాద్ మహబూబ్ పీరా నోట ఒక్క మెచ్చుకోలు మాట రాలేదని లోలోపల బాధ.

ఆ ఏడు జట్టుకు కొత్త తుపాకులు కావాల్సి వచ్చాయి. పాతవాటి నమూనాలో చేసి అమ్మే కొట్టు పట్నంలో ఉందంటే ఇద్దరూ వెళ్లారు. ఉస్తాద్ ఒక్కో తుపాకీనీ వెనకనున్న చీకటి గదిలోకి తీసుకుపోయి, మీట నొక్కి చూశాడు. చెకుముకి రాయి ఉక్కురేకుకు తగిలి నిప్పురవ్వలు దండిగా రాలినవాటినే ఏరి పక్కన పెట్టాడు. ఓబులేసు మాత్రం ఇత్తడి నగిషీ ఉన్నదాన్ని పట్టుకుని వదల్లేదు.

"రవ్వ సన్నంగా ఉంది నాయనా," అన్నాడు ఉస్తాద్.

"రాయి మారిస్తే సరిపోతుంది ఉస్తాద్."

ఉస్తాద్ దానికీ డబ్బు కట్టాడు. దారి పొడుగునా ఆ తుపాకీని గుడ్డలో చుట్టి తన ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాడు.

తిరునాళ్ల రోజు కోట ముందు కిక్కిరిసిన జనం. ఉస్తాద్‌తో సహా జట్టు వరసగా నిలబడింది. గుండ్లు లేవు, ఉత్త మందే. కాగితం పొట్లాలు పళ్లతో చించి, గొట్టాల్లో మందు పోసి, మీట పక్కనున్న చిన్న చిప్పలో చిటికెడు రంజకం, అదే రవ్వకు ముందుగా అంటుకునే సన్నమందు, వేసి, తుపాకులు ఆకాశానికి ఎత్తారు.

ఉస్తాద్ కేకకు అన్నీ ఒక్కసారే పేలాయి, ఓబులేసుది తప్ప. చిప్పలో రంజకం కూడా అంటుకోలేదు.

పేలకపోతే ఎడమ చెయ్యి ఎత్తి ఆగిపోవాలి. ఉస్తాద్ మొట్టమొదట నేర్పిన పాఠమే అది. లోపల మందు ఉండగా మళ్లీ మందు పోస్తే గొట్టం చీలి పక్కవాడి కళ్లు పోవచ్చు. ఓబులేసుకు అంతా తెలుసు. కానీ తెల్లటి పొగ అందరినీ కమ్మేసి ఉంది. చెయ్యి ఎత్తితే, ఉస్తాద్ వద్దన్న తుపాకీ కదా అని జట్టంతా నవ్వుతుంది. అతను రెండో పొట్లం చించాడు.

"ఆగండి."

ఉస్తాద్ గొంతు అది. పొగ విడిపోయింది. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"నాది పేల్లేదు. ఎవరూ మందు పొయ్యద్దండి."

జనంలో కొందరు ఈలలు వేశారు. ముందు కుర్చీల్లోని పెద్దమనిషి ఒకాయన, "ముసలాయనకు పట్టు తప్పింది," అన్నాడు అందరికీ వినిపించేలా. నవ్వులు లేచాయి. ఉస్తాద్ అలాగే నిలబడ్డాడు. తుపాకీ మొన ఆకాశం వైపు, చెయ్యి పైకి. మొహంలో చిన్న ముడత కూడా పడలేదు.

"ఇంకెవరిదైనా ఉందా?" అని మెల్లగా అడిగాడు. ఎవరి వైపూ చూడలేదు.

ఓబులేసు చెయ్యి లేచింది. తనే ఎత్తాడో, అదే లేచిందో అతనికి తెలియలేదు.

"నాది కూడా ఉస్తాద్."

"మంచిది. నిదానంగా రా."

గోడ పక్కకు తీసుకుపోయి, ఓబులేసు తుపాకీలో నీళ్లు పోసి మందంతా తడిపి బయటికి రాల్చాడు ఉస్తాద్. తనదాన్ని గోడకు ఆనించి, "దాన్ని తర్వాత చూద్దాం," అన్నాడు.

సాయంత్రం తుపాకులు వేడినీళ్లతో కడిగే పని ఓబులేసు తన మీద వేసుకున్నాడు. ముందుగా ఉస్తాద్ తుపాకీ అందుకుని, లోపల మందు ఎంత లోతున ఉందో చూద్దామని కడ్డీ దింపాడు. ఏమీ అడ్డం తగల్లేదు. కడ్డీ అడుగుదాకా పోయి ఇనుముకు తగిలి టంగుమంది. పైకి తీస్తే కొనకు చుట్టిన గుడ్డ నిండా నల్లటి మసి, ఆ రోజే పేలిన తుపాకీలో ఉండే మసి.

అతనికి పొద్దుటి నవ్వులన్నీ మళ్లీ వినిపించాయి.

"ఉస్తాద్, మీది పేలింది."

ఉస్తాద్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మంట ఊదుతున్నాడు.

"నీళ్లు ఇంకాస్త కాగనీ నాయనా," అన్నాడు తలెత్తకుండా. "చల్లనీళ్లకు మసి వదలదు."

ఓబులేసు ఇంకో కట్టె పొయ్యిలోకి తోశాడు.