ఫోటో వెనక పేర్లు

హైమవతి ఆ రోజు సాల్మన్ మాస్టారి దగ్గర సెలవు తీసుకోవడానికే వచ్చింది.

పడుచువయసులో మాస్టారు 'బ్లూ లాంటర్న్స్' అనే రాక్ బ్యాండు వెంట తిరిగి ఫోటోలు తీశారు. నలుగురు సికింద్రాబాద్ కుర్రాళ్ల బ్యాండు అది. ఏనాడో విడిపోయింది. ఆ ఫోటోలకు మాత్రం ఇప్పుడు ఆదరణ వచ్చింది. ఒక్కో పాత నెగెటివ్ నుంచి ఇరవై ఐదే ప్రింట్లు తీసి, నంబరు వేసి, మాస్టారు సంతకం పెడితే, అభిమానులు అపురూపంగా దాచుకుంటున్నారు.

మాస్టారికి చేతులు వణుకుతాయి. పదకొండేళ్లుగా డార్క్‌రూమ్‌లో ప్రింట్లు తీసేది హైమే. గాయకుడి నుదుటి మీద చెమటా, వెనక పొగలో డ్రమ్మర్ ముఖమూ ఒకే కాగితం మీద తేట పడేలా తీయడం ఆమెకే చేతనవును. కిందటి వారం ప్రదర్శనలో అందరూ మాస్టారి చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. ఒకాయన హైమ చేతికి ఖాళీ టీ కప్పు ఇచ్చి వెళ్లాడు.

"ప్రింటు తీసేది నేను. పేరు మీది," అంది హైమ. "ఇక నావల్ల కాదు మాస్టారూ."

"నిజమే," అన్నారాయన.

ఆరిన ప్రింటొకటి తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టారు. పెన్సిల్ అందుకుని, వెనకవైపు వంకర అక్షరాలతో మెల్లగా రాశారు: 'ప్రింటు తీసింది హైమవతి.'

ఆమె కళ్లు చెమర్చాయి. మాస్టారు ఆగలేదు. కింద బ్యాండు నలుగురి పేర్లూ రాశారు. ఆ కింద 'వీరాస్వామి' అని రాశారు.

"ఎవరాయన?"

"లైట్లు చూసేవాడు. స్టాండు విరిగితే, చెయ్యి కాలుతున్నా పాట అయ్యేదాకా లైటు దించలేదు."

'ఇస్మాయిల్.'

"ఈ ఫోటో తీసిన కెమెరా అతనిది. నాకప్పుడు కెమెరా ఎక్కడిది?"

'గ్రేసమ్మ.' ఆ పేరు హైమకు తెలుసు. మాస్టారి భార్య. పోయి ఆరేళ్లయింది.

"నీళ్లు రాని ఎండాకాలం. తాగడానికి పట్టుకున్న బిందెడూ ఫిల్ము కడగడానికి ఇచ్చేసింది."

హైమ ఆ పేర్లన్నీ మళ్లీ చదివింది. "మీ పేరేదీ?"

మాస్టారు పెన్సిల్ ఆమె చేతిలో పెట్టారు. "నీకెవరైనా గుర్తొస్తే రాయి."

ఆమె ప్రింటును తన వైపు లాక్కుని 'మాణిక్యమ్మ' అని రాసింది. పాలు మరవని మనవరాలిని చంకనేసుకుని, "నువ్వెళ్లి నేర్చుకో, నేను చూసుకుంటా" అన్న అత్తగారు. ఆ కింద, దొరకని ప్రింటు కాగితం ఎక్కడెక్కడో వెతికి తెచ్చే ఫోటో స్టోర్స్ భాస్కర్రావు. ఆ తర్వాత, మొదటి ఏడాది పెట్టెలకు పెట్టెల కాగితం పాడుచేసినా పల్లెత్తు మాట అనని మనిషి పేరు: 'సాల్మన్ మాస్టారు.'

ఇంకా ఎవరెవరో గుర్తొస్తూనే ఉన్నారు. అక్షరాలు చిన్నవి చేసింది. చివరికి కాగితం అంచు వచ్చేసింది.

"చోటు చాలలేదు మాస్టారూ," అంది.

"ఎవరికీ చాలదమ్మా," అన్నారాయన.